చప్పుడు చేయని మేకు

సముద్రానికని బయలుదేరాం గానీ
కనుమ దిగేలోపే మా పాత రెనోకి ఒళ్లు కాలిపోయింది.
బానెట్ ఎత్తి, పొగలో తల దూర్చి
"గంట ఆగాల్సిందే" అన్నాడు లోవ్రో,
తప్పంతా కొండదే అన్నట్టు.

రోడ్డు పక్కన మూతబడ్డ బడి.
గుమ్మం మీద చేత్తో రాసిన బోర్డు: యుద్ధ ప్రదర్శనశాల.
పెద్దలకి నాలుగు యూరోలు, పిల్లలకి ఒకటి.
వాన మొదలైంది కాబట్టి వెళ్లాం.
నిజం చెప్పాలంటే బాత్రూం కోసం వెళ్లాం.

టికెట్లు చింపిన మిలోయ్కా
సగం అల్లిన మేజోడు చంకలో పెట్టుకుని
మా వెనకే వచ్చింది, ముందు గదిలో లైటు వేస్తూ,
మేం దాటిన గదిలో ఆర్పేస్తూ.
"కరెంటు బిల్లు" అంది, నొచ్చుకుంటూ.

నల్లబల్ల ఇంకా గోడకే ఉంది.
పిల్లలు చెప్పులు విడిచే అరల్లో
అడుగున మేకులరిగిన సైనికుల బూట్లు.
పైన, విషవాయువుకి అడ్డంగా తొడిగే
కంచర గాడిద ముసుగు.
నేజా దాని ముందు చాలాసేపు నిలబడింది.
"గాడిద ఎవరి వైపు?"
"ఎవరు బరువెత్తితే వాళ్ల వైపు" అంది మిలోయ్కా.

లోవ్రో తుపాకుల దగ్గరే ఉండిపోయాడు.
నేను ఆఖరి గదిలో ఆగిపోయాను.

అద్దాల పెట్టెలో ఒక ఇనుప ఊచ. నా భుజం ఎత్తుంటుంది.
కింది కొస పంది తోకలా మెలి తిరిగి,
పైన మూడు కళ్లు, దారమెక్కించని సూదుల్లా.
"ముళ్లతీగను నిలబెట్టే మేకు" అని రాసుంది.

అబద్ధం.
అది మా అమ్మమ్మ చిక్కుడు పాదు ఊచ.
పదకొండు ఉండేవి పెరట్లో.
ఆ కళ్లలోంచే పురికొస లాగి కట్టేది.
ఆగస్టు వచ్చేసరికి ఎర్ర పూలు
ఒక్క మెలికా కనపడనిచ్చేవి కావు.
చివరిదాన్ని పట్టుకుని గిరగిరా తిరిగి
ముందు పన్ను విరగ్గొట్టుకున్నాను నేను.

ఆ మాట పైకే అనేశాను.
మిలోయ్కా నవ్వింది.
"ఈ లోయవాళ్లందరిదీ ఈ గదిలో ఇదే మాట.
ఒకాయన మా ద్రాక్షతోట అంటాడు,
ఒకామె మా కోళ్ల దొడ్డి అంటుంది.
అంతా అయ్యాక కొండ మీద ఇనుము తప్ప ఏం మిగిలింది?
ఏరుకొచ్చి పాతుకున్నారు."

"మరి మెలిక దేనికి?" అంది నేజా.

మిలోయ్కా వెంటనే చెప్పలేదు.
అల్లిక సూదిని గాల్లో నిటారుగా పట్టుకుని
నెమ్మదిగా తిప్పింది, మర బిగిస్తున్నట్టు.
"రాత్రిళ్లు పాతేవాళ్లు. ఎదుటి కందకం అరవై అడుగులు.
సుత్తితో కొడితే చప్పుడు. చప్పుడైతే తూటా.
అందుకని ఇలా, తిప్పుతూ,
చీమ చిటుక్కుమనకుండా."

ఎప్పుడొచ్చాడో లోవ్రో, మా వెనకే ఉన్నాడు.

వాన వెలిసింది. ఇంజను చల్లబడింది.
సోచా పక్కన దిగుతూ ముగ్గురం మాట్లాడలేదు.
నది మాత్రం నోరు మూయలేదు.

ప్రతి ఏప్రిల్‌లో
అమ్మమ్మ ఆ ఊచల్ని ఎలా దింపేదో గుర్తొచ్చింది.
రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి,
దాని చుట్టూ తానే తిరిగేది.
మా ఇంట్లో సుత్తి లేక కాదు.
ఎవరు నేర్పారు ఆ తిరగడం?
వాళ్ల నాన్న కొండ మీంచి ప్రాణాలతో దిగొచ్చాడని తెలుసు.
ఏమీ చెప్పలేదని కూడా తెలుసు.
చేతులు చెప్పాయేమో, పెరట్లో,
చిక్కుడు గింజలు నాటే నెపం మీద.

సముద్రం చేరేసరికి తొమ్మిది దాటింది.
పక్క గుడారంలో ఎవరి పసిబిడ్డో నిద్రకి పేచీ పెడుతోంది.
లోవ్రో మా గుడారం మేకు మీద ఒక దెబ్బ వేశాడు.
రెండోది వెయ్యలేదు.
సుత్తి గడ్డిలో పడుకోబెట్టి
మోకాళ్ల మీద కూర్చుని
అరచేత్తో మేకుని ఒత్తడం మొదలెట్టాడు, తిప్పుతూ.
మామూలు మేకే. మెలికల్లేవు.
తిప్పితే దిగేది కాదు.

నేజా టార్చి పట్టుకుంది.
కాసేపటికి
అదీ ఆర్పేసింది.